పాత ఛాయాపటములలో మన పూర్వులు

మన కులపురాణము భావనాఋషి స్మరణతో ప్రారంభమగును. ఆ మహనీయుడు తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రములు నేసి యిచ్చెనని పెద్దలు చెప్పుదురు. మార్కండేయ మహర్షి మొదలుకొని గోత్రకర్తల వఱకు నెందఱి పేర్లో మనకు కంఠస్థములు. పెండ్లిపీటలపై కూర్చున్న వరుడు తన గోత్రమును చెప్పుటకు తడబడడు. కాని యాతనినే "నాయనా, మీ ముత్తాతగారి తల్లి పేరేమి?" అని యడిగినచో నుత్తరము రాదు. యుగముల వెనుకటివారి పేర్లు తెలిసియు, నూఱేండ్ల వెనుకటివారి పేర్లు తెలియని వింతస్థితిలో మన మున్నాము. ఈ సంగతి మాకు తోపించినవి గ్రంథములు గావు, శాసనములు గావు. కొన్ని పాత ఛాయాపటములు.

ప్రతివత్సరమును మహాసభా సంచికలలో మన కులోత్పత్తిని గూర్చియు, గోత్రములను గూర్చియు, మన పెద్దలు కట్టించిన సత్రములను గూర్చియు పండితులు వ్యాసములు వ్రాయుచునే యున్నారు. అవి మనకు భూషణములు. ఈ పర్యాయము మేము మఱియొక దారి త్రొక్కితిమి. ఇది రాజుల కథ గాదు, ఋషుల కథయు గాదు. తెల్లవారుజామున లేచి గంజి కాచి, వీథిలో పడుగు సాగదీసి, మగ్గపు గుంటలో కాళ్లు పెట్టుకొని కాలము గడపిన సామాన్యుల కథ. దీనికి సాక్ష్యముగా ఆంగ్లేయుల పరిపాలనాకాలమున తీయబడిన ఛాయాపటములను గ్రహించితిమి. దేశమంతయు తిరుగక, దత్తమండలములనే ముఖ్యముగా దృష్టియం దుంచుకొందుము.

సీమయు, కాలమును

నిజాము 1800 సంవత్సరమున బళ్లారి, కడప సీమలను కుంపిణీవారికి వదలివేసెను. అందుచేతనే వీనికి దత్తమండలములను పేరు వచ్చెను. తామస్ మన్రో దొర 1807 వఱకు వీనికి ప్రధానాధికారిగా నుండెను. కర్నూలు నవాబు 1839 లో పదవి గోల్పోయెను. 1858 లో కర్నూలు జిల్లాగా నేర్పడెను. బళ్లారినుండి 1882 లో అనంతపురము వేఱుపడెను. పిమ్మట 1928 లో నంద్యాలలో జరిగిన సభయందు చిలుకూరి నారాయణరావుగారు సూచించిన "రాయలసీమ" యను పేరు ప్రజల నాలుకలపై నిలిచిపోయెను.

ఇది గోదావరీ కృష్ణా తీరములవలె మాగాణి సీమ గాదు. వాన కురిసిననే పంట, లేనిచో లేదు. నల్లరేగడి నేలలో ప్రత్తియు జొన్నయు, ఎఱ్ఱనేలలో కొఱ్ఱయు ఆరికయు పండును. ప్రత్తి యున్నచోట రాట్నమును, రాట్నమున్నచోట మగ్గమును వెలసినవి. పద్మశాలీయులు, తొగటవారు, దేవాంగులు, కుర్నివారు మున్నగు నేతకులములవారు గ్రామములలో తమకు వేఱుగా వీథు లేర్పఱచుకొని యుండిరి. ఈ సీమలోనికే ఛాయాగ్రహణయంత్రము మెల్లగా ప్రవేశించెను.

పారిసు నగరమున డాగెర్ యొక్క విధానము 1839 లో లోకమునకు వెల్లడి చేయబడెను. 1850 లో మదరాసున చిత్రకళాశాలను స్థాపించిన డాక్టరు అలెగ్జాండరు హంటరు ప్రోత్సాహమున, 1856 లో ఆ నగరమందే యొక ఛాయాచిత్ర సంఘ మేర్పడెను. ఆ సంవత్సరమే అలెగ్జాండరు గ్రీన్లా యను సైనికోద్యోగి మైనము పట్టించిన కాగితములపై హంపీ శిథిలములను చిత్రించెను. మదరాసు ప్రభుత్వము నియమించిన లిన్నియస్ ట్రైప్ 1857–58 సంవత్సరములలో దక్షిణదేశమున సంచరించి, శ్రీరంగము, తంజావూరు, మధుర మొదలగు స్థలముల ఆలయములను పటములుగా దించెను. ఈ తొలి పటములలో గోపురము లున్నవి, మంటపము లున్నవి, మనుష్యులు బహుస్వల్పము. ఉన్నను, స్తంభమెంత యెత్తో తెలియుటకు నిలిపిన కొలబద్దలవలె నొక రిద్దఱు కనబడుదురు. రాతిని చూచిన కన్నులు మనిషిని చూచుటకు మఱికొంత కాలము పట్టెను.

పటము తీయు విధము

పాత పటమును సరిగా చదువవలెనన్న దానిని తీసిన విధమును తెలిసికొనవలెను. 1851 లో వెల్లడియైన తడిపలక విధానము పిమ్మట ముప్పది యేండ్లు రాజ్యమేలెను. గాజుపలకపై మందు పూసి, అది తడియాఱకముందే యంత్రములో నుంచి బొమ్మ పట్టి, వెంటనే చీకటి గుడారములోనికి గొనిపోయి కడుగవలెను. ఇదంతయు కొలది నిమిషములలో ముగియవలెను. కావున పటము తీయువాడు గాజుపలకలు, సీసాలు, నీరు, గుడారము, బండి, కూలీలు వీనితో గ్రామము ప్రవేశించెడివాడు. అట్టివాడు రాగా నూరంతయు పని మానుకొని చుట్టు మూగుట సహజము. అంతటి సన్నాహము నడుమ "నిత్యజీవనము" దానంతట నది సాగదు; సాగుచున్నట్లు నిలుపబడును. పటములోని మనిషి కొన్ని క్షణములపాటు కదలరాదు. కదలిన చేయి పొగవలె మసకబాఱును. మన పూర్వులు పాత పటములలో కొయ్యబొమ్మలవలె బిగిసి నిలుచుటకు భయమొక్కటియే కారణము గాదు. కదలవలదని వారి కిచ్చిన యాజ్ఞయు కారణమే.

మఱియొక సంగతి నేతవారమగు మనము తప్పక గ్రహింపవలెను. తడిపలకకు నీలివన్నె తెలుపుగను, ఎఱుపును పసుపును నలుపుగను తోచెడివి. నీలిమందులో ముంచిన చీర యా పటములో వెలవెలబోవును. ఎఱ్ఱని కొంగు కాటుకవలె నల్లబడును. పసుపు పూసికొన్న ముఖము, ఉన్నదానికంటె చామనయై కనబడును. నుదుటి కుంకుమ నల్లబొట్టగును. ఆ పటములను చూచి మన యవ్వలు వన్నెలేని గుడ్డలు కట్టిరని తలంచుట పొరపాటు. వన్నెలు వారి చీరలందుండెను. వానిని పట్టగల శక్తి యా పలకకు లేకపోయెను.

ఇంకొక పొరపాటునకును తావు కలదు. మగ్గపు గుంట యింటిలోపల, వెలుతురు తక్కువయైన సాలలో నుండును. ఆ కాలపు పలకకు ఎండ కావలెను. కావున నేతపనిని చూపు పాత పటములలో పెక్కింట వీథిలోని పనియో, చెట్టుక్రింద పందిరి వేసి నిలిపిన మగ్గమో కనబడును. బయటివారు వీనిని చూచి యీ దేశపు నేతగాడు చెట్టునీడను కూర్చుండి తీరికగా నేయునని వ్రాసికొనిరి. తీరిక మాట దైవమెఱుగును! మనవాని పనిలో ఎండ సోకిన పాలు మాత్రమే పటమున కెక్కినది. చీకటిలో జరిగిన పాలు, దీపము ముందు కన్నులు చిట్లించుకొని నేసిన పాలు, పటమున కెక్కలేదు.

జాతిబొమ్మలు

ఛాయాయంత్రము రాకపూర్వమే కుంపిణీ దొరలకొఱకు తంజావూరు, మదరాసు చిత్రకారులు కులమునకొక దంపతులచొప్పున బొమ్మలు వ్రాసి యమ్మెడివారు. భర్తచేత పనిముట్టు, భార్యచేత బుట్టయో కుండయో యుండెడివి. యంత్రము వచ్చిన పిమ్మటను ఈ యచ్చే సాగెను. మదరాసు నగరమందలి ఛాయాచిత్రశాలలవారు కుమ్మరి, కంసాలి, మంగలి, నేతగాడు అని వృత్తికొక పటము తీసి దొరలకును, ఓడలపై వచ్చిపోవు బాటసారులకును విక్రయించిరి. ఇరువదవ శతాబ్ది తొలిభాగమున ఇట్టివే తపాలా కార్డులపై నచ్చు పడినవి. వానిక్రింద "నేతగాడు" అనియో, "దక్షిణహిందూదేశపు నేతపనివారు" అనియో యుండును. పేరుండదు, ఊరుండుట యరుదు.

ప్రభుత్వమును ఇదే దారి నడచెను. జాన్ ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే యను వారి సంపాదకత్వమున 1868 మొదలు 1875 వఱకు ఎనిమిది సంపుటములుగా లండనులో ప్రకటింపబడిన "ది పీపుల్ ఆఫ్ ఇండియా" యందు మనుష్యులు కులములవారీగా, తెగలవారీగా పటములై నిలిచిరి. 1857 నాటి తిరుగుబాటు పిమ్మట ఈ దేశప్రజ లెవ్వరో, వారిలో నమ్మదగినవా రెవ్వరో తెలిసికొనవలెనను తహతహ పాలకులకు మిక్కుటమయ్యెను. ఆ సంపుటములందలి వర్ణనలలో నీ తహతహ దాగక యున్నది.

మన మదరాసు రాజధానిలో నీ పనిని చేసినవాడు ఎడ్గార్ థర్‌స్టన్. ఈయన 1885 నుండి 1908 వఱకు మదరాసు ప్రభుత్వ మ్యూజియమునకు అధ్యక్షుడు. 1901 లో జాతివిచారణ యాయనకు అప్పగింపబడెను. కె. రంగాచారిగారి సాహాయ్యముతో 1909 లో దక్షిణదేశపు కులములను గూర్చి ఏడు సంపుటములను ప్రకటించెను. అందు నేతకులములను గూర్చిన ప్రకరణములును గలవు. ఆయన ఛాయాయంత్రముతోపాటు తలలను, ముక్కులను కొలుచు పరికరములను వెంట గొనిపోయెడివాడు. వయనాడు అడవులలోని పణియ స్త్రీలు, తమలో మంచివారిని చంపి పీచు కూరి మ్యూజియములో నిలుపునేమో యని తలంచి పరుగెత్తిపోయిరని యాయనయే హాస్యముగా వ్రాసికొనెను. ఆయనకు హాస్యమైనది, పరుగెత్తినవారికి కాదు. పేరు లేని వస్తువుగా నిలుచుటయన్న నేమో యా స్త్రీలు చదువు లేకయే గ్రహించిరి.

ఇట్లనుటవలన మేమా గ్రంథములను నిందించుచున్నామని తలంపవలదు. అవి లేనిచో మన పూర్వుల కట్టుబొట్లు, నగలు, పనిముట్లు, ఇండ్ల చూరులు నేడు మనకు కనబడకపోవును. కృతజ్ఞత చూపవలసినచోట చూపవలెను. అయినను లెక్క సరిచూచుకొనుట మన ధర్మము. పనిముట్టు పేరు వారు వ్రాసికొనిరి. దానిని పట్టిన చేతి పేరు వ్రాసికొనలేదు.

వీథిలోని పడుగు

ఇక నేతవీథిలో పడుగు సాగదీయు దృశ్యమును పటములో చూచునపుడు మన మేమి చూచుచున్నామో విచారింతము. ఆ పని యెఱిగిన పెద్దలు మన సభలలో నింకను గలరు, పిన్నలకొఱకు వ్రాయుచున్నాము.

నూలు చిలుపలుగా వచ్చును. స్త్రీలు వానిని నానబెట్టి, ఆఱవేసి, రాట్నముమీద కండెలకు చుట్టుదురు. పిమ్మట ఆసు పోయుదురు. అనగా నాటిన పుల్లల నడుమ పోగును పొడవునకు త్రిప్పి పడుగు సిద్ధము చేయుదురు. ఈ పనిలో స్త్రీలు నడచిన నడక కొలిచినచో దినమునకు క్రోసులగును. తెల్లవాఱకమున్నే పడుగును వీథిలోనికి తెచ్చి, రెండు కొనల బిగించి, చాచి నిలుపుదురు. గంజి పట్టింతురు. పురుషులు ఇరుప్రక్కల నిలిచి, కుంచెను రెండుచేతుల పట్టి, ఒక కొననుండి మఱియొక కొనకు దువ్వుచు నడుతురు. పోగునకు పోగు అంటుకొనరాదు. తెగిన పోగును కనిపెట్టి ముడివేయవలెను. ఎండ ముదురకముందే పని ముగియవలెను. వాన వచ్చినచో పడుగు లేదు, పడుగు లేనిచో మగ్గము లేదు, మగ్గము లేనిచో నాపూట పొయ్యిలో పిల్లి లేవదు. తరువాత పాత పడుగు కొనలకు క్రొత్త పడుగు కొనలను పోగుపోగుగా నతుకుదురు. అంతటి పిమ్మట గదా నేతగాడు గుంటలో దిగి నాడె విసరుట!

ఇప్పుడు పటమును మఱల చూడుడు. మగ్గము ముందు కూర్చున్న పురుషుడు మధ్యనుండును. క్రింద "నేతగాడు" అని యుండును. ఒక మగ్గమాడవలెనన్న ఇంటిలో మువ్వురో నలువురో పని చేయవలెను. పేకకు కండెలు చుట్టు బాలుడు, ఆసు పోయు కోడలు, చిలుపలు విప్పు ముసలమ్మ వీరెల్లరు పటపు టంచున సగము తెగిపోయియో, గుమ్మము నీడలో మసకలైయో యుందురు. కొన్ని పటములలో అసలే యుండరు. నేతపని పురుషునిదే యను భ్రమ యీ పటములవలననే బలపడెను. మన సంఘములోను ఆ భ్రమ లేకపోలేదని చెప్పుటకు మాకు సిగ్గుగా నున్నను చెప్పక తప్పదు.

పటమున కందని మఱియొక వ్యక్తి షావుకారు. నూలిచ్చువా డాయన, గుడ్డ పుచ్చుకొని మజూరి కట్టువా డాయన, పెండ్లికి, చావునకు అప్పిచ్చి మగ్గమును తనకు కట్టివేసికొనువాడు నాయనయే. ఏ పటములోను నీ కట్టు కనబడదు. దానిని తెలిసికొనవలెనన్న 1929 లో డి. నారాయణరావుగారు మదరాసు రాజధాని కుటీరపరిశ్రమలను గూర్చి ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికను, 1930 లో ఎన్. జి. రంగాగారు చేమగ్గముల యార్థికస్థితిని గూర్చి ప్రకటించిన గ్రంథమును చదువవలెను. పటము ముఖమును చూపును, అప్పుచీటిని చూపదు.

ధాత కరువు

ఈ సీమలో పటములను గూర్చి మాటలాడుచు ధాత సంవత్సరపు కరువును స్మరింపకుండుట పాపము. 1876 లో వానలు తప్పెను. 1877 లో నది ఈశ్వర సంవత్సరమునకును ప్రాకెను. మదరాసు రాజధానిలో లక్షలకొలది ప్రాణములు పోయినవి. బళ్లారి, కర్నూలు, కడప సీమలు మిక్కిలి దెబ్బతినినవి. 1871 నాటి జనసంఖ్యతో 1881 నాటి జనసంఖ్యను పోల్చిచూచినచో కర్నూలు జిల్లాలో సుమారు నాల్గవవంతు జనము తగ్గిపోయినట్లు తెలియుచున్నది. సర్ రిచర్డు టెంపుల్ 1877 ఆరంభమున, కరువుపనులలో దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై స్వల్పముగా రొక్కమును చాలునని కూలి తగ్గించెను. ఆ తిండితో కష్టపడువాడు బ్రదుకలేడని ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ వాదించెను. పిమ్మట కూలి కొంత పెంపబడెను.

కరువులో నేతవాడు రైతుకంటె ముందు కూలిపోవును. ధాన్యము ధర పెరుగగానే జనులు మొదట మానుకొనునది క్రొత్తగుడ్డ. రైతునకు భూమియైనను మిగులును. నేతవానికి మగ్గము తప్ప నేమియు లేదు, ఆ మగ్గమునకు నూలు లేదు. రాళ్లు కొట్టు పనికి పోయినచో వ్రేళ్లు మొద్దుబాఱి, మఱల సన్ననూలు పట్టుటకు పనికిరాకపోవును. ఈ సత్యమును ప్రభుత్వము కొంత యాలస్యముగా గ్రహించెను. ఆ శతాబ్ది చివరి కరువులలో నేతవారికి నూలిచ్చి, నేసిన గుడ్డను కొని, వారి వృత్తిలోనే వారిని పోషించు పద్ధతి మదరాసు రాజధానిలో నమలు జరిగెను.

ఆ 1876–78 కరువును పటములుగా తీసినవాడు విల్లోబీ వాలెస్ హూపర్ అను సైనికోద్యోగి. ఎముకలగూళ్లవంటి స్త్రీపురుషులను, బిడ్డలను గుంపులుగా కూర్చుండబెట్టి, నిలువబెట్టి తీసిన యా పటములు నేటికిని చూచువారిని నిద్రపోనీయవు. ఒక పటమునకు "ఉచితసహాయమునకు పాత్రులు" అను నర్థము వచ్చు శీర్షిక యున్నది. పాత్రులు! ఆకలిగొన్నవాని పాత్రతను నిర్ణయించుట కొక చూపు, ఆ చూపునకు యంత్రము! ఆ గుంపులలో మనవా రుండిరో లేదో చెప్పు గుఱుతులు లేవు. కట్టుగుడ్డయే లేని యొడలిపై కులపు గుఱుతు లేమి యుండును? అయినను వారిని మనవారుగానే మనము తలంపవలెను. ఆకలి గోత్ర మడుగదు.

ఆ పటములు లేకపోయినచో నా కరువు అంకెలలో మాత్రమే యుండెడిది. అవి యుండుటచేత నంకెలకు ముఖము లేర్పడినవి. కాని ముఖమునకు పేరు లేకపోవుటచేత నా ముఖము మఱల నంకెయే యగుచున్నది. మా వాదమునకు మూల మిదియే.

పటమునకు ప్రాయము కట్టుట

తారీఖు లేని పటమునకు కాలము నిర్ణయించుట బయటి పండితులకు కష్టము. నేతవారికి కొంత సులభము. మన యిండ్లలోని పటములను చూచువారికి ఉపయోగించునని కొన్ని గుఱుతులు వ్రాయుచున్నాము.

మగ్గముపై త్రాడు కట్టి, నాడె పెట్టెనుండి పెట్టెకు పరుగెత్తునట్లు అమర్చియున్నచో నది సాధారణముగా ఇరువదవ శతాబ్దికి చెందిన పటము. జాన్ కే యను నాంగ్లేయుడు 1733 లోనే కనిపెట్టిన యీ త్రాటినాడె మన జిల్లాలలో వ్యాపించినది ఆ శతాబ్ది తొలి దశకములందు. నాడెను చేతితో నొకవైపునుండి మఱియొకవైపునకు విసరుచున్నట్లున్నచో పాతదై యుండవచ్చును; కాని కొన్ని యూళ్లలో చేతినాడె చాలకాలము నిలిచినందున ఈ గుఱుతొక్కటియే చాలదు.

పురుషుని తలపై తెల్లని ఖద్దరు టోపీ యున్నచో, ఇంటి గోడపై గాంధీమహాత్ముని బొమ్మ యున్నచో, నది 1921 కి పిమ్మటిది. మహాత్ముడు 1921 లోను, 1929 లోను ఆంధ్రదేశమున సంచరించినపుడు రాట్నము మఱల వీథిలోనికి వచ్చెను. మిల్లునూలు రాకతో నేతవారి యిండ్లలో నూలు వడకుట సన్నగిల్లిపోగా, రాట్నము కండెలు చుట్టుటకే మిగిలెను. పటములోని స్త్రీ ప్రత్తి వడకుచున్నదా, కండె చుట్టుచున్నదా యని చూచిన కాలము కొంత తెలియును.

సహకారసంఘపు బోర్డు క్రింద నిలిచిన నేతవారి పటమైనచో నది మఱికొంత యర్వాచీనము. 1938 లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున స్థాపించిన నేతవారి సహకారసంఘము ఈ సీమకు మార్గదర్శకమయ్యెను. నాడు బళ్లారి జిల్లాలో నుండిన యా యూరు 1953 లో ఆంధ్రరాష్ట్రమున చేరెను. సోమప్పగారికి 1954 లో పద్మశ్రీ బిరుదము లభించెను. షావుకారు నీడలో వంగి కూర్చున్న నేతవాడు, తన సంఘపు బోర్డు క్రింద నిటారుగా నిలిచిన నేతవాడు, ఈ రెండు పటములను ప్రక్కప్రక్కన పెట్టినచో నొక తరపు చరిత్ర మాట లేకయే బోధపడును.

మన పటములు

పొడిపలకలును, 1888 లో వెలువడిన కోడక్ వంటి చేతియంత్రములును వచ్చుటచేత ఛాయాగ్రహణము దొరల చేతినుండి జాఱి మన చిన్నపట్టణములకు దిగెను. తెరపై తోటయు మేడయు వ్రాయించి, కుర్చీయు పూలకుండియు నమర్చి, అద్దెకోటు సిద్ధముగా నుంచిన పటశాలలు వెలసినవి. మన తాతలు పెండ్లికో, తీర్థయాత్రకో పోయినపు డచట కూర్చుండి పటము తీయించుకొనిరి. ఈ పటములలో మగ్గము లేదు, కుంచె లేదు, నాడె లేదు. మొదటిమాఱు తాను కోరినట్లు తాను కనబడుటకు వీలు కలిగినపుడు నేతవాడు తన పనిముట్టును ఇంటనే విడిచి వచ్చెను. దీనిని డాంబికమని కొందఱు నవ్వుదురు. మేము నవ్వము. అర్ధశతాబ్దముపాటు "నేతగాడు" అను శీర్షికక్రింద నిలువబడినవాడు, ఒక్కపూట మనుష్యుడుగా కూర్చుండ గోరుట దోషమా?

పేర్లు తప్పక వ్రాయబడిన పటములును మనకొక జాతి గలవు. అవి మహాసభల గుంపుపటములు. "కూర్చున్నవారు, ఎడమనుండి కుడికి" అనియు, "నిలుచున్నవారు" అనియు వరుసగా పేర్లు, ఊళ్లతో నచ్చు వేసికొన్నారము. తాపీపనివానికిని కుండచేయువానికిని లభింపని గౌరవమును మన సంఘము తన పెద్దలకు తానే కల్పించుకొనెను. ఇది సామాన్యము గాదు. కాని యా పాత గుంపుపటములను మఱల చూచినపుడు మాకు తోచినదేమన, వానిలో స్త్రీలు దాదాపుగా లేరు, కూలిమగ్గమువారును లేరు. దొరలు మనయెడ చేసిన లోపమునే మన మింటిలోనివారియెడ చేసితిమి.

మా యింట నొక పటము గలదు. మా ముత్తాత మగ్గము ప్రక్కన కోటు తొడిగి నిలిచియున్నాడు. ఆయనకు కుడిప్రక్కన నిద్దఱు తమ్ములు. ముగ్గురి పేర్లును మా కెఱుకయే. ఎడమవైపున, అంచునకు చేరువగా, రాట్నము ముందు నేలపై కూర్చున్న యొక స్త్రీ. ఆమె చేయి కదలినందున వ్రేళ్లు మసకలైనవి. ముఖము మాత్రము స్పష్టము. ఆమె యెవరని మా యింటి పెద్దలను విచారించితిమి. "పెద్దవ్వ" అనిరి. పేరేమన్న నెవ్వరికిని తెలియదు. ఆమె ముత్తాతకు అక్కయని యొకరు, మేనత్తయని యొకరు. చిన్నతనముననే భర్త పోగా పుట్టినింటికి వచ్చి, నలువదేండ్లు ఆసు పోసి, ఆ యింటి మగ్గమునకు పడుగు నడపినదని మాత్రము అందఱును చెప్పిరి. మేము కట్టుకొన్న యిల్లు, చదువుకొన్న చదువు ఆ మసకవ్రేళ్లనుండియే వచ్చినవి. పదునైదేండ్ల క్రిందట నడిగియున్నచో చెప్పగలవా రిద్దఱు జీవించియుండిరి. మే మడుగలేదు. థర్‌స్టన్ దొరకు పేరడుగుట తోచలేదని యాక్షేపించు మేము, మా గోడమీది పటమును చూచి పేరడుగుట మఱచితిమి. ఈ వ్యాసము వ్రాయుటకు ప్రేరేపించినది ఆ సిగ్గే.

కర్తవ్యము

లండనులోని బ్రిటిషు గ్రంథాలయమునందును, మదరాసు మ్యూజియమునందును, మిషనరీ సంఘముల భాండాగారములందును మన సీమ పటములు గలవు. వానిలో పెక్కింటిని నేడు ఇంట కూర్చుండి చేతిఫోనులోనే చూడవచ్చును. వానిలోని పేర్లు పోయినవి. తిరిగి వచ్చుట దుర్లభము. కాని మన పెట్టెలలో, గోడలపై, అటకలపై నున్న పటములలోని పేర్లు ఇంకను పూర్తిగా పోలేదు. ఎనుబదేండ్లు దాటిన పెద్దల జ్ఞాపకములో నవి యున్నవి. ఆ పెద్దలు ప్రతివత్సరమును తగ్గిపోవుచున్నారు.

కావున మన సంఘమువారికి మా మనవి యిది. ఈ మహాసభనుండి యిండ్లకు పోయినవెంటనే ప్రతివారును తమ యింటి పాత పటములను బయటికి తీయుడు. ఇంటి పెద్దను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్క ముఖమును చూపి పేరడుగుడు. అంచున నున్నవారిని ముందుగా నడుగుడు. నడుమ నున్నవారిని మఱచిపోవువా రెవ్వరును లేరు. పేరు, ఊరు, రమారమి సంవత్సరము, చేయుచున్న పని, ఈ నాల్గును పటము వెనుక నంచున మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాయుడు. సిరా వలదు, అది ముందువైపునకు ఊరును. అద్దమునకు పటమును నేరుగా తగులనీయకుడు. వానకాలపు తేమకు అంటుకొని, విప్పబోయిన చిరుగును. పెండ్లిపటములనే గాక పనిపటములను దాచుడు. ప్రతి పటమునకును ప్రతి తీసి, వివరములతో సంఘ కార్యాలయమునకు పంపుడు. ధనవంతులగు పోషకులు సత్రములకు, గుడులకు ఇచ్చుచున్న విరాళములలో కొంతభాగము నీ పనికి నిచ్చినచో పుణ్యము తక్కువ గాదు. గుడిగోడపై దాతపేరు చెక్కింతుము. ఆ దాతకు అన్నము పెట్టిన చేతుల పేర్లు పటము వెనుక నైనను వ్రాయకుందుమా?

రాబోవు సంచికలలో నిట్టి పటములను పేర్లతో ప్రకటింపవలెనని సంపాదకవర్గమును ప్రార్థించుచున్నాము. వానిలో గుంపుపటముల వరుసలే గాక, ఆసు పోయువారు, కండెలు చుట్టినవారు, కుంచె పట్టినవారు, కూలిమగ్గము నేసినవారు చోటుచేసికొందురు గాక. "నేతగాడు" అను శీర్షికను కొట్టివేసి, దానిపై నొక పేరు వ్రాయుటకంటె మనము మన పూర్వులకు చేయగల తర్పణము వేఱొండు లేదు.

మా పెద్దవ్వ పటము వెనుక మేము పెన్సిలుతో నింతమాత్రమే వ్రాయగలిగితిమి: "పెద్దవ్వ. నలువదేండ్లు ఆసు పోసినది." పేరుండవలసినచోట కొంత జాగా వదలితిమి. ఈ వ్యాసము చదువు బంధువులలో నెవ్వరికైన నామె పేరు తెలిసియున్నచో, దయచేసి యా జాగాను పూరింపజేయుదురు గాక.